ఫోన్‌లో టికెట్లు: అనంతపురం నుంచి మ్యాచ్‌లకు, కచేరీలకు, సినిమాలకు వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఉండి పెద్ద మ్యాచ్ చూడాలన్నా, పేరున్న గాయకుల కచేరీకి వెళ్లాలన్నా బస్సో రైలో ఎక్కాల్సిందే. బెంగళూరు చిన్నస్వామి స్టేడియం ఇక్కడికి దాదాపు 210 కిలోమీటర్లు. హైదరాబాద్ ఉప్పల్ అయితే 360 పైమాటే. ఆ ఊళ్లలో ఉండేవారు ఆధార్ కార్డు మరిచిపోతే ఆటోలో వెళ్లి తెచ్చుకుంటారు. టికెట్ తెరుచుకోకపోతే ఇంట్లో ఎవరికో ఫోన్ చేసి పంపించమంటారు. మనకు ఆ వీలు లేదు. గేటు దగ్గర తేలాల్సిన సంగతులన్నీ ఇక్కడ ఆర్టీసీ బస్టాండులో బస్సెక్కకముందే తేలిపోవాలి. అందుకే ఈ జవాబులు కొంచెం వివరంగా రాశాం. కర్నూలు, కడప వాళ్లకు కూడా ఇవే పనికొస్తాయి, దూరాలే మారతాయి.

డబ్బు కట్టాక ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. అదే టికెట్టా?

అన్నిసార్లూ కాదు. మెసేజ్‌లో బుకింగ్ ఐడీ వస్తుంది, మెయిల్‌కు రసీదు వస్తుంది, యాప్‌లో క్యూఆర్ కోడ్ ఉంటుంది. గేటు దగ్గర పనికొచ్చేది చాలాచోట్ల ఆ క్యూఆర్ కోడే.

ఆ నలుపు తెలుపు గళ్లలో దాగి ఉండేది ఒక నంబరు. గేటు దగ్గర స్కాన్ చేయగానే ఆ నంబరు జాబితాలో ఉందా లేదా, దాని మీద ఇంతకుముందే ఎవరైనా లోపలికి వెళ్లారా అని యంత్రం చూస్తుంది. ఎవరూ వెళ్లకపోతే మిమ్మల్ని పంపిస్తారు. వెళ్లి ఉంటే ఆపేస్తారు. ఎవరి డబ్బుతో కొన్నారో, ఎవరి ఫోన్‌లో ఉందో ఆ యంత్రానికి తెలియదు. ఒక కోడ్ ఒక్కసారే చెల్లుతుంది, ముందు చూపించినవారిదే సీటు. ఇది మనసులో పెట్టుకుంటే కింద చెప్పే జాగ్రత్తలు ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి.

కొన్న వెంటనే యాప్‌లో బుకింగ్స్ అన్నచోటికి వెళ్లి ఊరు, వేదిక, తేదీ, సమయం, సీట్లు ఒకసారి చదువుకోండి. తేదీ దగ్గరే ఎక్కువమంది తికమక పడతారు. శుక్రవారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంట ఆట అంటే క్యాలెండర్ లెక్కలో అది శనివారం. పెద్ద సినిమా విడుదలప్పుడు ఇది తప్పకుండా చూసుకోవాలి. అలాగే ఒకే పేరుతో ఉండే మల్టీప్లెక్సులు చాలా ఊళ్లలో ఉంటాయి. యాప్‌లో పైన ఊరి పేరు బెంగళూరు అని ఉండిపోయిందేమో గమనించండి.

ఏ యాప్‌లో కొనాలి?

సినిమాలకైతే బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ ఎక్కువగా వాడుతున్నారు. ఇదివరకు పేటీఎంలో సినిమా టికెట్లు కొనే అలవాటున్నవారు ఆ విభాగం ఏమైందని అడుగుతుంటారు. పేటీఎం ఆ వ్యాపారాన్ని 2024 ఆగస్టులో జొమాటోకు 2,048 కోట్ల రూపాయలకు అమ్మేసింది. ఇప్పుడు డిస్ట్రిక్ట్ అనే యాప్ ఆ జొమాటో వాళ్లదే.

క్రికెట్ సంగతి వేరు. ఏ జట్టు టికెట్లు ఏ యాప్‌లో అమ్ముతారన్నది సీజన్‌ను బట్టి మారుతుంది. 2025లో హైదరాబాద్ సన్‌రైజర్స్ టికెట్లు డిస్ట్రిక్ట్‌లో అమ్మారు, బెంగళూరు జట్టు తన సొంత సైటులో అమ్మింది. కాబట్టి గూగుల్‌లో వెతికి పైన కనిపించిన లింకు నొక్కేయకండి. పైన వచ్చేది ప్రకటన కావచ్చు, అది ఎవరు పెట్టారో తెలియదు. జట్టు అధికారిక పేజీకో, కచేరీ నిర్వాహకుల పేజీకో వెళ్లి అక్కడున్న లింకు నుంచే లోపలికి వెళ్లండి. యాప్‌ను ప్లే స్టోర్ నుంచో, ఆపిల్ యాప్ స్టోర్ నుంచో మాత్రమే దించుకోండి.

టికెట్లు వదిలిన కాసేపటికే అయిపోతున్నాయి. మన ఊళ్లో కూర్చుంటే దొరకవా?

ఆన్‌లైన్‌లో ఊరితో పనిలేదు. బెంగళూరులో ఉన్నవారికీ మనకూ క్యూ ఒకటే. తేడా అంతా ముందు సిద్ధమై ఉండటంలోనే వస్తుంది.

ముందురోజు రాత్రే యాప్ అప్‌డేట్ చేసుకోండి. ఫోన్ నంబరు, ఓటీపీ ఇచ్చి లాగిన్ అయిపోండి. అమ్మకం మొదలయ్యాక ఓటీపీ కోసం చూస్తూ కూర్చుంటే ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే కావాల్సిన స్టాండ్ చేజారుతుంది. డబ్బు కట్టే యాప్ కూడా తెరిచి, ఖాతాలో సరిపడా బ్యాలెన్స్ ఉందా, రోజువారీ పరిమితి దాటదు కదా అని చూసుకోండి. యూపీఐలో మామూలుగా రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉంటుంది. కొన్ని బ్యాంకులు అంతకంటే తక్కువ పెడతాయి, కొత్త ఫోన్‌లో యూపీఐ పెట్టుకున్న మొదటి రోజు ఇంకా తక్కువ ఉంటుంది. పది మంది స్నేహితుల టికెట్లు ఒకరే తీద్దామనుకునే చోట ఈ పరిమితే అడ్డం పడుతుంది.

అమ్మకం మొదలు కాకముందే వెయిటింగ్ రూమ్ అని ఒక తెర వస్తుంది. దాంట్లో గంటల ముందు నుంచి కూర్చోవాల్సిన పనిలేదు. చాలా వ్యవస్థల్లో అమ్మకం మొదలైన క్షణంలో అప్పటికే లోపలున్నవారందరికీ లాటరీలాగా వరుస నంబర్లు ఇస్తారు. పది పదిహేను నిమిషాల ముందు చేరితే చాలు. నంబరు వచ్చాక మాత్రం పేజీ రీఫ్రెష్ చేయవద్దు, వెనక్కి నొక్కవద్దు. చేస్తే చాలాసార్లు క్యూలో చివరికి పడతారు. 2024 సెప్టెంబరు 22న కోల్డ్‌ప్లే ముంబై కచేరీ టికెట్లు పెట్టినప్పుడు లక్షల మంది ఒకేసారి వచ్చిపడ్డారు. అలాంటి రోజున ఓపికే అక్కరకొస్తుంది.

మీ వంతు వచ్చేసరికి ఏ స్టాండ్, ఎంతవరకు పెట్టగలరు, అది లేకపోతే ఏది అన్న రెండో మాట ఇంట్లో ముందే అనుకుని ఉండండి. సీటు ఎంచుకున్నాక డబ్బు కట్టడానికి ఇచ్చేది కొన్ని నిమిషాలే. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి "మామా, 2,500 అంట, తీద్దామా?" అని అడిగితే సీటు పోతుంది.

అన్నీ అయిపోయాయని కనిపించినా వెంటనే ఆశ వదులుకోకండి. చాలామంది సీటు పట్టుకుని డబ్బు కట్టలేకపోతారు. వాళ్ల గడువు ముగియగానే ఆ సీట్లు తిరిగి అమ్మకానికి వస్తాయి. పది పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. నిర్వాహకులు అట్టిపెట్టుకున్న సీట్లను కూడా కొన్నిసార్లు కార్యక్రమానికి ఒకటి రెండు రోజుల ముందు వదులుతారు.

టికెట్ ధర ఒకటి చూపించి, చివర్లో ఎక్కువ అడుగుతున్నారు. ఎందుకు?

చివర్లో కలిసేది ఎక్కువగా యాప్ వాళ్లు తీసుకునే కన్వీనియన్స్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. టికెట్ ధరలో ఉండే పన్ను వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి సినిమా టికెట్ 100 రూపాయల లోపు అయితే 5 శాతం, దాటితే 18 శాతం. ఐపీఎల్ టికెట్ మీద అదే రోజు నుంచి 28 శాతం కాస్తా 40 శాతం అయింది. అంటే పన్ను కాకుండా వెయ్యి రూపాయల టికెట్ ఇప్పుడు 1,400 పడుతుంది. గుర్తింపు ఉన్న మిగతా క్రీడా పోటీలకు 500 రూపాయల వరకు పన్ను లేదు, ఆపైన 18 శాతం.

ఇంకొకటి గమనించండి. డబ్బు కట్టే పేజీలో కొన్నిచోట్ల విరాళమో, టికెట్ బీమానో ముందే టిక్ పెట్టి ఉంటుంది. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే టిక్ తీసేయండి. అడగకుండా బిల్లులో ఇలా కలపడం తప్పని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రూపాయే కదా అని వదిలేయాల్సిన పనిలేదు.

ఫీజు వద్దనుకుంటే మన ఊరి థియేటర్లకు కౌంటర్ ఉండనే ఉంది. మామూలు రోజున మ్యాట్నీకి వెళ్లేవారు ఫోన్‌లో బుక్ చేసి అదనంగా కట్టడం ఎందుకన్నది మా అభిప్రాయం.

ఖాతాలో డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు. ఏం చేయాలి?

అన్నిటికన్నా ఎక్కువమంది టెన్షన్ పడేది దీనికే. కంగారులో వెంటనే రెండోసారి కట్టేస్తారు, తర్వాత రెండూ ఖరారై నాలుగు టికెట్ల చోట ఎనిమిది చేతికొస్తాయి. కాబట్టి ముందు పది నిమిషాలు ఆగండి. యాప్ పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి బుకింగ్స్‌లో చూడండి. మెయిల్ చూడండి, స్పామ్‌లో కూడా.

అక్కడ లేకపోతే యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరవండి. విజయవంతమైంది, పెండింగ్, విఫలమైంది అని మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది. విఫలమైంది అని ఉండి డబ్బు కట్ అయితే అది మామూలుగా దానంతటదే వెనక్కి వస్తుంది. పెండింగ్ అయితే బ్యాంకుల మధ్య ఇంకా తేలలేదని అర్థం. విజయవంతమైంది అని ఉండి టికెట్ లేకపోతే అడగాల్సింది టికెట్ కంపెనీని.

రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో దీనికి ఒక నియమం పెట్టింది. యూపీఐతో వ్యాపారికి కట్టిన డబ్బు మీ ఖాతాలోంచి పోయి, అవతల చేరినట్టు ఖరారు కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లోగా వెనక్కి వేయాలి. ఆ గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి ఎవరూ అడగరు. అడగండి.

అడిగేటప్పుడు చేతిలో ఉండాల్సింది 12 అంకెల యూటీఆర్ నంబరు, అంటే ఆ చెల్లింపును గుర్తుపట్టే సంఖ్య. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు వివరాల్లో కనిపిస్తుంది. దాంతోపాటు తేదీ, సమయం, మొత్తం రాసుకుని టికెట్ యాప్‌లోని సహాయం విభాగంలో ఫిర్యాదు పెట్టండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. బ్యాంకుకు కూడా పెట్టండి. 30 రోజుల్లో బ్యాంకు పరిష్కరించకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. దీనికి ఫీజు ఏమీ లేదు. సమాచారం కోసం 14448 నంబరు ఉంది.

టికెట్ కంపెనీ నంబరు కోసం మాత్రం గూగుల్‌లో వెతకొద్దు. డబ్బు పోయిందని కంగారులో ఉన్నవారి కోసమే దొంగ కస్టమర్ కేర్ నంబర్లు అక్కడ పెట్టి కూర్చుంటారు. యాప్ లోపల ఉన్న సహాయమే సరైనది.

క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే సరిపోతుందా? ప్రింట్ తీయాలా?

సినిమాలకు చాలాచోట్ల స్క్రీన్‌షాట్ చాలు. పెద్ద మ్యాచ్‌లకు, కచేరీలకు ఇప్పుడు కదిలే కోడ్‌లు వస్తున్నాయి. అవి కొద్ది సెకన్లకోసారి మారుతుంటాయి, కాబట్టి నిన్న తీసిన స్క్రీన్‌షాట్ ఈరోజు చెల్లదు. కోడ్ చుట్టూ ఏదైనా కదులుతున్నా, పక్కన సెకన్లు లెక్క పడుతున్నా అలాంటిదే అనుకోండి. అప్పుడు యాప్ తెరిచి చూపించాల్సిందే. కొన్ని కార్యక్రమాలకు కోడ్ ముందురోజో, అదే రోజో మాత్రమే యాప్‌లో కనిపిస్తుంది. కొన్న రోజున కోడ్ లేదని భయపడాల్సిన పనిలేదు, ఎప్పుడు వస్తుందో టికెట్ మీదే రాసి ఉంటుంది.

ప్రింట్ ఒప్పుకుంటామని టికెట్ నిబంధనల్లో ఉంటే నెట్ సెంటర్లో ఒకటి తీసి జేబులో పెట్టుకోవడం మంచిదే. ఫోన్ పోయినా ఆ కాగితం ఆదుకుంటుంది.

టికెట్ దొరికిందని వాట్సాప్ స్టేటస్ పెట్టుకోవచ్చా?

సంతోషం పంచుకోండి, కోడ్ మాత్రం పంచుకోకండి. స్టేటస్‌లో పెట్టిన ఫొటోను మీ కాంటాక్ట్స్‌లో ఎవరైనా ఇంకో ఫోన్‌తో ఫొటో తీయగలరు. కదలని కోడ్ అయితే ఆ ఫొటోతోనే లోపలికి వెళ్లిపోవచ్చు. మీరు గంట ఆలస్యంగా చేరితే ఈ టికెట్ మీద ఎప్పుడో వెళ్లిపోయారంటారు. రసీదు చూపించి, బ్యాంకు మెసేజ్ చూపించి గేటు దగ్గర ఎంత వాదించినా అక్కడున్న కుర్రాడి చేతిలో ఏమీ ఉండదు.

పెట్టాలనిపిస్తే పోస్టర్ పెట్టండి, స్టేడియంలో కూర్చున్నాక సెల్ఫీ పెట్టండి. టికెట్టే పెట్టాలంటే కోడ్, బుకింగ్ ఐడీ, బార్ కోడ్ మూడూ పూర్తిగా కప్పేయండి. పెన్నుతో గీసినట్టు పలుచగా గీస్తే సరిపోదు, ఫొటోను ఎడిట్ చేసి వెలుతురు పెంచితే కింద ఉన్నది కనపడుతుంది. ఆ భాగాన్ని కత్తిరించేయడమే మేలు.

నలుగురం వెళ్తున్నాం, టికెట్లన్నీ ఒకరి ఫోన్‌లో ఉన్నాయి. ఇబ్బందా?

నలుగురూ కలిసే గేటు దగ్గరికి వస్తే ఇబ్బంది లేదు. ఒకరు ఆఫీసు నుంచి నేరుగా, ఇద్దరు మన ఊరి బస్సులో, ఇంకొకరు యలహంకలో ఎక్కి వస్తే మాత్రం చిక్కు. లోపలికి వెళ్లినవారు మళ్లీ బయటికి వచ్చి టికెట్ చూపించడం చాలా స్టేడియాల్లో కుదరదు. యాప్‌లో ట్రాన్స్‌ఫర్ అన్న సదుపాయం ఉంటే ఎవరి టికెట్ వారి నంబరుకు ముందురోజే పంపేయండి. అది అన్ని కార్యక్రమాలకూ ఉండదు, పంపాక వెనక్కి తీసుకోవడం కుదరకపోవచ్చు. లేకపోతే అందరూ ఒకచోట కలిసి గేటుకు వెళ్లండి. స్టేడియం దగ్గర కలుద్దాం అనుకుంటే ఆ జనంలో ఫోన్లు కలవవు. మెట్రో స్టేషన్ పేరు, బయటికి వచ్చే గేటు చెప్పుకోండి.

మా నాయనకు కీప్యాడ్ ఫోన్ మాత్రమే ఉంది. ఆయన ఒక్కడే వెళ్లాలంటే?

సినిమాకైతే మెసేజ్‌లో వచ్చిన బుకింగ్ ఐడీ చూపిస్తే చాలా థియేటర్లలో కౌంటర్ దగ్గర కాగితం టికెట్ ఇస్తారు. పెద్ద వేదికలకు ప్రింట్ చెల్లుతుందో లేదో చూసి, చెల్లితే ప్రింట్ ఇచ్చి పంపండి. చెల్లకపోతే పెద్దాయనను ఒంటరిగా పంపవద్దు.

ఫోన్‌లో కొన్నాక కూడా కౌంటర్‌కు వచ్చి అసలు టికెట్ తీసుకోమంటున్నారు. ఎందుకిలా?

కొన్ని క్రికెట్ మ్యాచ్‌లకు కాగితం టికెట్ తప్పనిసరి చేస్తారు. 2023 వన్డే ప్రపంచకప్‌కు ఆన్‌లైన్లో కొన్నవారు కూడా కాగితం టికెట్‌తోనే వెళ్లాల్సి వచ్చింది. దూరం నుంచి వచ్చేవారికి ఇది నిజంగా కష్టం. మ్యాచ్ ముందురోజు వరకే కౌంటర్ తెరుస్తామంటే మనం ఒకరోజు ముందే వెళ్లి అక్కడ ఉండాలి, గది అద్దె అదనం. కొనకముందే ఈ షరతు చదవండి. కొరియర్ చేసే వీలుంటే ఆ ఖర్చు పెట్టుకోవడం మనకు లాభమే.

కౌంటర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే కొన్నవారే, టికెట్ మీదున్న పేరుతో సరిపోయే గుర్తింపు కార్డుతో వెళ్లాలి. వేరేవారిని పంపితే అధికారపత్రం అడుగుతారు. 2022 సెప్టెంబరులో భారత్, ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. పిల్లలను, పెద్దవారిని అలాంటి క్యూలకు తీసుకెళ్లకండి.

గేటు దగ్గర నెట్ రాకపోతే? ఛార్జింగ్ అయిపోతే?

వేలమంది ఒకేచోట ఫోన్లు తెరిస్తే టవర్ తట్టుకోలేదు. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. కాబట్టి బస్సు దిగకముందే యాప్ తెరిచి టికెట్ పేజీ లోడ్ చేసి ఉంచుకోండి. లాగ్ అవుట్ కావద్దు. ఆ రోజు ఫోన్ మార్చడం, సిమ్ మార్చడం పెట్టుకోవద్దు. గూగుల్ వాలెట్ 2024 మే నుంచి మన దేశంలోనూ ఉంది. టికెట్ దాంట్లో చేర్చుకునే వీలు కనిపిస్తే చేర్చుకోండి, నెట్ లేకున్నా తెరుచుకుంటుంది.

ఛార్జింగ్ సంగతి ముందే ఆలోచించాలి. ఉదయం బయలుదేరి దారంతా వీడియోలు చూసుకుంటూ వెళ్తే సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేసరికి ఫోన్ చేతులెత్తేస్తుంది. పవర్ బ్యాంకును చాలా స్టేడియాల్లో లోపలికి రానివ్వరు. బస్సులో వాడుకుని, దాన్ని గదిలోనో బండిలోనో వదిలి వెళ్లేలా చూసుకోండి.

స్కాన్ చేసేచోట తెర వెలుతురు పూర్తిగా పెంచండి. పక్కవారికి కనపడకుండా నల్లటి ప్రైవసీ గ్లాస్ వేయించుకున్నవారి ఫోన్లు స్కానర్‌కు ఒక్కోసారి అందవు. ఫోన్‌ను ఏటవాలుగా కాకుండా నేరుగా చూపించండి. తెర పగిలి, ఆ పగులు సరిగ్గా కోడ్ మీదుగా వెళ్తుంటే పేజీని కొంచెం జరిపి కోడ్ బాగున్న చోట పడేలా చూడండి.

లోపలికి ఏం తీసుకెళ్లకూడదు?

హెల్మెట్, నీళ్ల సీసా, పెద్ద బ్యాగు, అగ్గిపెట్టె, పవర్ బ్యాంకు చాలాచోట్ల ఆపేస్తారు. చిల్లర నాణేలు కూడా కొన్నిచోట్ల వద్దంటారు. బయట సామాన్లు దాచే చోటు ఉంటుందని నమ్ముకోవద్దు. ఊరి నుంచి బ్యాగుతో వెళ్లేవారు రైల్వే స్టేషన్ క్లోక్ రూములో పెట్టి వెళ్లండి.

పిల్లలకు టికెట్ కావాలా?

సినిమాకు మామూలుగా మూడేళ్లు దాటితే కావాలి. స్టేడియాల్లో ఈ వయసు ఇంకా తక్కువ పెడతారు, టికెట్ పేజీలో చూడండి. పెద్దలకు మాత్రమే అని 'ఎ' (A) సర్టిఫికెట్ ఇచ్చిన సినిమాకు 18 నిండనివారిని టికెట్ ఉన్నా పంపరు, వయసు రుజువు అడుగుతారు. యూఏ సినిమాలకు ఇప్పుడు 7, 13, 16 ఏళ్లు అని విడిగా చూపిస్తున్నారు. అది తల్లిదండ్రులు చూసుకోవాల్సిన సూచన.

ఫేస్‌బుక్‌లో, టెలిగ్రామ్‌లో ఎవరో టికెట్లు అమ్ముతున్నారు. కొనవచ్చా?

వద్దు. అతని దగ్గర టికెట్ నిజంగానే ఉండవచ్చు, దాన్నే అయిదుగురికి అమ్మి కూడా ఉండవచ్చు. అయిదుగురి ఫోన్‌లోనూ అదే కోడ్, అదే సీటు. గేటు దగ్గరికి మొదట చేరినవారు లోపలికి, మిగతా నలుగురు రోడ్డు మీద. మనం 210 కిలోమీటర్ల నుంచి వెళ్తాం, మొదట చేరేది మనం కాదు.

నిజంగా తెలిసినవారు, రాలేక అమ్ముతున్నారంటే యాప్‌లోని ట్రాన్స్‌ఫర్ ద్వారానే తీసుకోండి. మీ ఖాతాలో టికెట్ కనిపించాక డబ్బు ఇవ్వండి.

మోసగాళ్ల మాటలు కొన్ని ఒకేలా ఉంటాయి. "టోకెన్‌గా సగం వేయండి, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు" అంటారు. డబ్బు వెనక్కి పంపిస్తున్నాం, పిన్ కొట్టండి అంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే మీ డబ్బు వెళ్తున్నట్టే. ఉచిత పాసుల కోసం ఈ ఫైలు దించుకోండి అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపుతారు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్లవచ్చు. తెలిసినవారి నంబరు నుంచి వచ్చినా తెరవకండి, వాళ్ల ఫోనే వాళ్ల చేతిలో లేకపోయి ఉండవచ్చు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. పరువు పోతుందని ఇంట్లో దాచుకుని రెండు రోజులు ఆగేవారు ఉన్నారు, ఆలోపు డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

టికెట్ లేకపోయినా స్టేడియం దాకా వెళ్లి చూద్దామా? ఏదో ఒకటి దొరుకుతుందేమో.

దయచేసి వెళ్లవద్దు. 2025 జూన్ 4న బెంగళూరు జట్టు విజయోత్సవం వేళ చిన్నస్వామి స్టేడియం బయట జరిగిన తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. పాసు కావాలా, ఊరికే వదులుతారా అన్న స్పష్టత లేకుండా జనం గేట్ల దగ్గర పోగయ్యారు. ఏ మ్యాచ్ కూడా దానికి తగదు. మన పిల్లలు ఇక్కడి నుంచి అలా బయలుదేరుతుంటే ఆపండి. ఇంట్లో టీవీలో అదే మ్యాచ్ వస్తుంది.

వానకు మ్యాచ్ ఆగిపోతే, కార్యక్రమం రద్దయితే డబ్బు వస్తుందా?

ఐపీఎల్‌లో సాధారణంగా ఒక్క బంతి కూడా పడకుండా రద్దయితేనే టికెట్ డబ్బు ఇస్తారు. 2025 మే 17న బెంగళూరు, కోల్‌కతా మ్యాచ్ వానకు అలాగే రద్దయింది, టికెట్ కొన్నవారికి డబ్బు వెనక్కి ఇస్తామని బెంగళూరు జట్టు ప్రకటించింది. నాలుగు ఓవర్లు పడి ఆగిపోతే మాత్రం ఏమీ రాదనుకోవాలి. మీ బస్సు ఖర్చు ఏ సందర్భంలోనూ ఎవరూ ఇవ్వరు.

తేదీ మారిస్తే పాత టికెట్టే కొత్త తేదీకి చెల్లుతుందని కొందరు అంటారు, కొందరు డబ్బు వాపసు ఎంచుకునే వీలిస్తారు. ఎంచుకోవడానికి గడువు ఉంటుంది, మెయిల్ చూస్తూ ఉండండి. డబ్బు ఏ ఖాతా నుంచి కట్టారో అక్కడికే వస్తుంది. కాబట్టి స్నేహితుడి ఫోన్‌తో కట్టి ఉంటే అడగాల్సింది స్నేహితుడినే. మీ అంతట మీరు రాలేక రద్దు చేసుకోవడం వేరు. చాలా కార్యక్రమాలకు ఆ వీలే ఉండదు, ఉన్నా కన్వీనియన్స్ ఫీజు తిరిగి రాదు.

మన ఊళ్లో జరిగేవాటికి కూడా ఇలాగే కొనాలా?

అన్నిటికీ కాదు. ఆర్‌డీటీ మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు భారత జట్టు ఆటగాళ్లను అనంతపురంలోనే చూసే భాగ్యం కలిగింది. అలాంటివి మళ్లీ వస్తే ప్రవేశం ఉచితమా, పాసులా అన్నది నిర్వాహకుల ప్రకటనలోనే చూడండి. కడప పెద్ద దర్గా ఉరుసుకు టికెట్ ఉండదు. ఇలాంటి ఉత్సవాల పేరు చెప్పి ముందు వరుస పాసులు ఇప్పిస్తామని ఎవరైనా లింకు పంపితే అది మోసమే అనుకోండి. దేవస్థానాల సేవల కోసం రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర ఉంది, నంబరు 95523 00009. కొన్ని ఆలయాల టికెట్లు అందులోనే కొనుక్కోవచ్చు.

మ్యాచ్ అయ్యాక రాత్రి తిరిగి రావడం ఎలా?

ఇది టికెట్‌తో పాటే ఆలోచించాలి. సాయంత్రం ఏడున్నరకు మొదలైన ఐపీఎల్ మ్యాచ్ ముగిసేసరికి పదకొండు దాటుతుంది, జనంలోంచి బయటపడేసరికి ఇంకో అరగంట. చిన్నస్వామికి దగ్గరి మెట్రో స్టేషన్ కబ్బన్ పార్క్, అక్కడి నుంచి పర్పుల్ లైన్లో మెజెస్టిక్ వస్తే మన బస్సులు దొరుకుతాయి. ఉప్పల్‌కు స్టేడియం అనే పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారితే ఎంజీబీఎస్ బస్టాండు చేరొచ్చు. ఆ రోజు చివరి రైలు ఎన్నింటికో పొద్దున్నే చూసుకోండి. బస్సు రిజర్వేషన్ అర్ధరాత్రి ఒంటిగంట తర్వాతి దానికి చేసుకుంటే చివరి ఓవర్ వదిలేసి పరుగెత్తాల్సిన పని ఉండదు. ఆ బస్సు టికెట్ కూడా ఫోన్‌లోనే ఉంటుంది, కాబట్టి ఆట చూస్తూ ఛార్జింగ్ అంతా వీడియోలకు ఖర్చు పెట్టవద్దు.

కంపెనీ మన మాట వినకపోతే ఎక్కడికి వెళ్లాలి? ముంబైకో, గురుగ్రామ్‌కో వెళ్లి కేసు వేయాలా?

అక్కర్లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వాళ్లు కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు, చాలా చిన్న గొడవలు అక్కడే తేలిపోతాయి.

తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా, మీరు నివసించే చోటే, అంటే అనంతపురంలోనే ఫిర్యాదు వేయవచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే రాసి ఇవ్వవచ్చు, ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా వేయవచ్చు. గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్లలోగా వేయాలి.

దానికి కావాల్సినవి బుకింగ్ రసీదు, యూటీఆర్ నంబరు, కంపెనీతో జరిగిన చాట్ స్క్రీన్‌షాట్లు, కొన్న రోజున పేజీలో ఉన్న నిబంధనల స్క్రీన్‌షాట్. నిబంధనల పేజీని తర్వాత మార్చేయవచ్చు, అందుకే డబ్బు కట్టే రోజునే దాన్ని తీసి పెట్టుకోండి.